రాస్-స్క్రిబ్ ట్యూమర్ పెరుగుతోంది, నర్వ్ కార్డ్‌లోకి మాత్రం పాకట్లేదు

వయల్‌పిల్ల:
యూఏఎస్-రాస్‌వీ12 (కణాల్ని పెంచే రాస్ జన్యువు ఎప్పుడూ ఆన్‌లో ఉండే రూపం; దాని జత సైఓ, వంకర రెక్కల గుర్తున్న బ్యాలెన్సర్ క్రోమోజోమ్), ఎఫ్‌ఆర్‌టీ82బీ స్క్రిబ్1 (కణాల అమరికని నిలిపే స్క్రిబ్ జన్యువు చెడిన రూపం; దాని జత టీఎం6బీ, ఇంకో బ్యాలెన్సర్) పండు ఈగల్ని, కంటి కణజాలంలో మ్యూటెంట్ కణాల గుంపులకి (క్లోన్లకి) మెరుపు గుర్తు పెట్టే ఐ-ఫ్లిప్ మార్కమ్ టెస్టర్‌తో 25 డిగ్రీల్లో క్రాస్ చేస్తున్నాం. 6వ రోజు లార్వాని కోసి చూస్తే కంటి డిస్క్‌లో (కన్నుగా మారబోయే కణజాలం) పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ఉంది, మెదడులోని ఆప్టిక్ లోబ్‌లోనూ ఉంది. వెంట్రల్ నర్వ్ కార్డ్ (మెదడు వెనకున్న నరాల తాడు) ఖాళీ. పైగా సగానికి పైగా లార్వాలు ప్యూపాలైపోతున్నాయి. ఆప్టిక్ లోబ్‌ని ఇన్వేషన్‌గా (ట్యూమర్ పాకడంగా) లెక్కపెట్టొచ్చా?

ఈగలగది:
వద్దు. ఐ-ఫ్లిప్‌ని నడిపే ఐలెస్ ఎన్‌హాన్సర్ ఆప్టిక్ లోబ్‌లోనూ పనిచేస్తుంది, అక్కడి క్లోన్లు అక్కడే పుట్టినవి. నర్వ్ కార్డ్ ఒక్కటే లెక్క.

ప్యూపాలవుతున్నవాటిలో ఎక్కువ మీ జీనోటైప్ కావు. మొత్తం లార్వాల్లో సగం టీఎం6బీవి: పొట్టిగా ఉండే ట్యూబీలు, వాటిలో జీఎఫ్‌పీ ఉండదు. అసలు చిక్కు సైఓతో: వంకర రెక్కలు లార్వాలో కనపడవుగా! అందుకే రాస్ లేని స్క్రిబ్ లార్వాలూ మీ లెక్కలో కలిసిపోతున్నాయి. వాటిలో మచ్చలు చిన్నగా ఉంటాయి, ఎందుకంటే పక్కనున్న మామూలు కణాలు స్క్రిబ్ క్లోన్లను ఏరేస్తాయి. ట్యూబీ ఉన్న సైఓకి మారండి.

నిజమైన రాస్-స్క్రిబ్ లార్వా 5వ రోజుకి ప్యూపా కాదు. ట్యూమర్ వదిలే డిల్ప్8 అనే హార్మోన్ ప్యూపాగా మార్చే ఎక్డైసోన్‌ని ఆపుతుంది, లార్వా అలాగే ఉబ్బుతూ పోతుంది. 6వ రోజు తొందర, 8 నుంచి 10వ రోజు మధ్య కోయండి.

కాన్ఫోకల్‌మామ:
అప్పటిదాకా బతకాలంటే గుడ్లు కిక్కిరిసి ఉండకూడదు. 6వ రోజు పొడుగు లార్వాల్ని కొత్త వయల్‌కి మార్చండి. మేత ఎండితే రెండు చుక్కల నీళ్లు చాలు.

కోసేటప్పుడు మౌత్ హుక్స్, డిస్క్‌లు, మెదడు కలిపే ఉంచండి. డిస్క్‌ని లాగితే కార్డ్ చిరుగుతుంది. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 20 నిమిషాలు, తర్వాత 0.3 శాతం ట్రైటాన్ కలిపిన పీబీఎస్‌తో 10 నిమిషాల చొప్పున మూడుసార్లు కడగండి. జెడ్-స్టాక్ (పొరపొరగా తీసే బొమ్మలు) మొత్తం తీయాలి. కార్డ్ పైన అంటుకున్న ముక్క ఒక్క ప్లేన్‌లో లోపలున్నట్టే కనపడి మోసం చేస్తుంది. స్కోర్ చేసేవాళ్లకి జీనోటైప్ చెప్పొద్దు.

ఈగలగది:
కంట్రోల్‌గా రాస్ ఒక్కటే, స్క్రిబ్ ఒక్కటే తప్పనిసరి. బీఎస్‌కే-డీఎన్‌తో (జేఎన్‌కే పనికి అడ్డుపడే రూపం) కణాల ఒత్తిడి సంకేతమైన జేఎన్‌కేని ఆపితే, కణజాలాన్ని కరిగించే ఎంజైమ్ ఎంఎంపీ1 తగ్గాలి, పాకడమూ తగ్గాలి. నా దృష్టిలో అందమైన పది బొమ్మలకన్నా ఇదే బలమైన సాక్ష్యం. అయితే అదనపు యూఏఎస్ జన్యువు వస్తే వాటన్నిటినీ నడిపే గాల్4 పంచుకోబడుతుంది, కాబట్టి పోలికకు ఏ ప్రభావం లేని యూఏఎస్-లాక్‌జెడ్ పెట్టండి.

రాసేటప్పుడు మాత్రం ‘ఇన్వేషన్’ అనండి. 2003లో పరిశోధకులు పాగ్లియరిని, షూ దీన్ని మెటాస్టాసిస్ (దూరపు అవయవాలకి పాకడం) అన్నారు గానీ, ఇక్కడ రక్తనాళాల ప్రయాణం లేదు. డిస్క్ పక్కనే ఉన్న కణజాలంలోకి పాకుతోంది, అంతే.