గ్రావెల్ సైకిల్ ఫ్రేమ్: నల్లరేగడి బురదకు ఎంత గ్యాప్ కావాలి?

హైదరాబాద్ నుంచి ఆదివారాలు వికారాబాద్ వైపు మట్టిదారుల్లో తొక్కుతుంటాను. నా హైబ్రిడ్ సైకిల్‌లో 38 మి.మీ. వెడల్పు టైర్లకు మించి పట్టవు. వానపడితే నల్లరేగడి చైన్‌స్టేల (పెడళ్ల దగ్గర్నుంచి వెనకచక్రం ఇరుసు దాకా పోయే గొట్టాల) మధ్య ముద్దకట్టి చక్రమే తిరగదు. పోయినసారి పుల్లతో గీక్కుంటూ రెండు కిలోమీటర్లు నడిపించుకొచ్చాను, అదో నరకం.

అందుకే గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారులకు పనికొచ్చే సైకిల్) కోసం రెండు స్టీల్ ఫ్రేములు చూశాను. ఒకదానికి 45 మి.మీ. టైరు పడుతుంది, హెడ్ యాంగిల్ (ముందు హ్యాండిల్ గొట్టం వాలు) 71.5 డిగ్రీలు, చైన్‌స్టే 430 మి.మీ. రెండోదానికి 50 పడుతుంది, కానీ 69.5 డిగ్రీలు, 445. రాళ్ల దిగుడులో రెండోదే నిలకడ అనుకుంటున్నా. ఎక్కుడులో మెల్లగా పోతుంటే ముందుచక్రం అటూఇటూ పోతుందా? నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. మొదటిదాంట్లో హ్యాండిల్ తిప్పినప్పుడు కాలివేళ్లు టైరుకు తగులుతాయేమోనని భయం. 650బి (కాస్త చిన్న సైజు) చక్రాలు వేస్తే ఆ బాధ తీరుతుందా, లేక పెడళ్లు రాళ్లకు కొట్టుకుంటాయా? బురదలో తొక్కినవాళ్లు చెప్పండి.