అవుట్‌లాండర్ టీవీ సీరియల్‌లో మీరు మళ్లీ మళ్లీ చూసే సీన్ ఏది?

రాత్రిడ్యూటీ: నేను నర్సుని. అందుకేనేమో నాకు పెళ్లి ఎపిసోడ్ కన్నా మొదటిదే ఇష్టం. 1945లో ఓ మాయ రాయి మీద చెయ్యి పెట్టిన హీరోయిన్ క్లెయిర్ (ఆమె కూడా నర్సే) 1743 నాటి స్కాట్లాండ్‌లో తేలుతుంది. అక్కడ హీరో జేమీకి భుజం కీలు జారి ఉంటుంది. పక్కవాళ్లు ఎలా పడితే అలా లాగబోతుంటే ఆపి, తనే చేయి పట్టుకుని మెల్లగా తిప్పి కీలు కూర్చోబెడుతుంది. తర్వాత గాయానికి అయొడిన్ అడిగితే అందరూ తెల్లమొహం వేస్తారు! మా వార్డులో దూది అడిగినప్పుడు స్టోర్ వాళ్లు చూసే చూపు కూడా అదే. మరి మీది?

పద్మ_కాకినాడ: ఎడిన్‌బరోలో ప్రింటింగ్ షాపు. ఇరవై ఏళ్ల తర్వాత క్లెయిర్ గొంతు విని వెనక్కి తిరిగిన జేమీ, అంత భారీ మనిషి, కళ్లు తిరిగి దబ్బున పడిపోతాడు. ఏడవాల్సిన చోట నవ్వొచ్చింది. "ఇదేం హీరోనే" అంటారు మావారు.

చరిత్రపిచ్చి: నాకు ఆ వెంటనే వచ్చే ఫొటోల సీన్. పుట్టాక ఒక్కసారీ చూడని కూతుర్ని కాగితం మీద చూస్తాడు. అసలు ఫొటో అంటే ఏమిటో తెలియని కాలం మనిషి! వాళ్లిద్దరినీ విడదీసిన స్కాట్లాండ్‌లోని కలోడెన్ యుద్ధం (1746 ఏప్రిల్ 16) నిజంగా గంటలోపే ముగిసింది, కానీ సీరియల్‌లో అది చూస్తే నాకు రెండ్రోజులు నిద్ర పట్టలేదు.

కొత్తగా_చూస్తున్నా: నేనింకా రెండో సీజన్‌లోనే ఉన్నానండీ. కూతురా?!

రాత్రిడ్యూటీ: అయ్యో సారీ అమ్మా. పై రెండూ చదవనట్టే అనుకో.