అమ్మకి ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాచింది, నీళ్ల మాత్రలతో తగ్గట్లేదు

నమస్తే అండి. అమ్మకి రెండేళ్ల క్రితం ఎడమ రొమ్ము ఆపరేషన్ అయింది, చంకలో నోడ్స్ (లింఫ్ గ్రంథులు) కూడా తీశారు, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇక బానే ఉంది అనుకుంటుంటే దసరా నుంచి ఆ చెయ్యి వాపు. జాకెట్ చెయ్యి బిగుతైంది అంటే లావయ్యావేమో అన్నాను, ఇప్పుడు గాజులే ఎక్కట్లేదు. ఇక్కడి డాక్టర్ నీళ్ల మాత్రలు ఇచ్చారు, రాత్రంతా బాత్రూంకి తిరగడమే తప్ప వాపు అలాగే ఉంది. పక్కింటి ఆంటీ వేడి నూనెతో గట్టిగా మర్దనా చెయ్యమంటోంది. ఎవరికైనా తగ్గిందా?

విజయనగరం కోడలు: అమ్మో, ఆ మర్దనా వద్దమ్మా. నాకూ ఇదే, లింఫెడీమా అంటారు. నోడ్స్ తీశాక లింఫ్ (ఒంట్లో ఊరే పల్చటి ద్రవం) పోయే దారి తగ్గిపోతుంది, అందులో ప్రోటీన్ ఉంటుంది కాబట్టి మాత్రతో నీళ్లు పోయినా ప్రోటీన్ అక్కడే ఉండి మళ్లీ నీటిని లాగుతుందట. నాకు మూడు వారాలు రోజూ కట్టు కట్టారు, వేళ్ల దగ్గర్నుంచి చంక దాకా, లోపల దూది పొర, పైన పెద్దగా సాగని బ్యాండేజీ (మామూలు క్రేప్ బ్యాండేజీ కాదు). నాది కుడి చెయ్యి, అన్నం కలుపుకోవడం రాక మా ఆయనే ముద్దలు పెట్టాడు, పెళ్లప్పుడు కూడా పెట్టలేదు! కట్టుతోనే పిడికిలి మూయడం, మోచెయ్యి మడవడం చెయ్యాలి. వాపు తగ్గాకే స్లీవ్ (చేతికి బిగుతుగా వేసుకునే తొడుగు). నేను ఆగలేక ఆన్‌లైన్‌లో అంచనాగా కొంటే మణికట్టు దగ్గర పట్టేసి అరచెయ్యి బూరెలా పొంగింది.

ఫిజియో_గుంటూరు: కట్టు కంటే ముందు కేన్సర్ డాక్టర్‌కి చూపించండి. రెండేళ్ల తర్వాత కొత్తగా వాచింది కాబట్టి రక్తం గడ్డ కట్టిందా, చంకలో జబ్బు తిరగబెట్టిందా అనేది ముందు తేల్చుకోవాలి. మేం చేసే మర్దనాలో చర్మం మాత్రమే కదులుతుంది, నొక్కుడు ఉండదు. రెండు చేతులూ ఒకే చోట్ల టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి, కంటితో చూస్తే తెలీదు. బరువులు అసలు ఎత్తకూడదు అనేవాళ్లు గానీ 2009లో అమెరికాలో వచ్చిన ట్రయల్‌లో స్లీవ్ వేసుకుని మెల్లగా పెంచుకుంటూ బరువులెత్తినవాళ్లకి వాపు పెరగలేదు. కాకపోతే నేర్పించేవాళ్ల దగ్గరే మొదలుపెట్టాలి.

సుజాత_కూతురు: మా అమ్మకి వంకాయ ముల్లు గుచ్చుకుంది అంతే, రాత్రికి చెయ్యి ఎర్రగా కాలిపోతూ చలిజ్వరం. పొద్దున చూద్దాంలే అని ఆగినందుకు ఐదు రోజులు అడ్మిట్. ఎరుపు, జ్వరం వస్తే మర్దనా, కట్టు ఆపేసి అదే రోజు యాంటీబయాటిక్ కోసం వెళ్లండి.

అడిగినావిడ: అయ్యో, నిన్న సాయంత్రం నుంచి మోచేతి కింద కొంచెం వెచ్చగా ఉందంటోంది, ఎండకేమో అనుకున్నాం. ఇప్పుడే బయల్దేరుతున్నాం.