కుడి జేబు మీద రిబ్బన్లున్న ఈ ఫొటోలో పెద్దతాతది ఏ పటాలం?

గోదారమ్మాయి:
ఇది మా తాతయ్య అన్నగారి ఫొటో. మేం పెద్దతాత అంటాం. ఆత్రేయపురం దగ్గర మా ఇంటి నడవలో, దేవుడి పటాల పక్కన నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ వేలాడుతోంది. "బోసుబాబు పటాలంలో చేశాడు" అని నాన్నమ్మ చెప్పేది. ఆయన 1960ల్లోనే పోయారు, పిల్లల్లేరు. మొన్న ఇంటికి సున్నాలు వేయిస్తూ పటం దించితే అద్దం పగిలింది. ఎలాగూ బయటికొచ్చింది కదా అని స్కాన్ చేయించాను.

నడుము దాకానే ఉంది. టోపీ లేదు. పొడుగు చేతుల చొక్కా, రెండు జేబులు, చేతి మీద V ఆకారంలో రెండు పట్టీలు. భుజం మీద ఇత్తడి అక్షరాలున్నాయి కానీ ఇంగ్లిషులా లేవు. జపాను లిపి అని మా తమ్ముడి వాదన, బోసు సైన్యం జపాను వాళ్లతో కలిసిందిగా అని! ఇంకో వింత, రిబ్బన్లు కుడి జేబు మీదున్నాయి. బ్రిటిషువాళ్లయితే ఎడమవైపు పెట్టుకుంటారట. అయితే నాన్నమ్మ చెప్పిందే నిజమా?

డార్క్‌రూమ్ బాబాయ్:
జపానూ కాదు, గిపానూ కాదమ్మా. తిరగబడ్డ ఇంగ్లిషు. రాజమండ్రి స్టూడియోలో ఇరవై రెండేళ్లు ప్రింట్లు వేసిన చేతులివి. చొక్కా గుండీల పట్టీ చూడు. మగవాళ్ల చొక్కాకి ఎడమ అంచు పైకి రావాలి. ఇక్కడ కుడి అంచు పైనుంది. ఎవరో ఎన్‌లార్జ్ చేసేటప్పుడు నెగటివ్‌ని తిరగేసి పెట్టారు. ఎర్రలైటులో నిద్రమత్తు మీద మేమూ చేశాం. ఓసారి పెళ్లికూతురి పైట కుడిభుజం మీదికెళ్లిపోతే ఆల్బమ్ మొత్తం మళ్లీ వేసిచ్చాను, జీతంలో కోత కూడాను. ఫోన్లో ఫ్లిప్ కొట్టి మళ్లీ పెట్టు.

గోదారమ్మాయి:
కొట్టాను. తమ్ముడు నోరు మూసుకున్నాడు. రిబ్బన్లు ఎడమవైపు వచ్చేశాయి. ఇత్తడి అక్షరాల్లో చివరివి "ఎస్ అండ్ ఎమ్" అని తెలుస్తున్నాయి, ముందువి మసక.

రిటైర్డ్ తంబి:
ఎస్ అండ్ ఎమ్ అంటే సాపర్స్ అండ్ మైనర్స్. మా ఇల్లేనమ్మా! అప్పట్లో ఇవి మూడుండేవి. బెంగాల్ వాళ్లది రూర్కీ, బొంబాయి వాళ్లది కిర్కీ, మద్రాసు వాళ్లది బెంగళూరు. గోదావరి జిల్లా మనిషి గనక మద్రాసు సాపర్లే అయ్యుండాలి. 1780లో మద్రాసు పయనీర్లుగా మొదలైంది. వంతెనలు కట్టడం, మందుపాతరలు తియ్యడం మా పని. అందర్నీ తంబీలనే అంటారు, నాబోటి గుంటూరోణ్ణి కూడా. నెత్తిన మా డూప్టా, అదే ముందు అంచు లేని ఎత్తు టోపీ, ఉండుంటే మొదటి చూపులోనే చెప్పేవాణ్ణి. రెండు పట్టీలంటే నాయక్ హోదా.

ఇక రిబ్బన్లు. ఒక్కోటీ ఒక్కో యుద్ధపతకానికి గుర్తు, స్టార్ అన్నా పతకమే. రంగులు ఊహించకు, పాత ఫిలిముల్లో ఎరుపు నల్లగానూ నీలం తెల్లగానూ పడేది. చారలు లెక్కపెట్టు. మొదటిది సమానంగా మూడు చారలు, 1939-45 స్టార్. రెండోది లేత గుడ్డ మధ్యలో వెడల్పాటి ముదురు చార, అటూ ఇటూ సన్నగీతలు. ఎడారి ఇసుక రంగు అది, ఆఫ్రికా స్టార్. మూడోదాన్ని బాగా పెద్దది చేసి చూడు. ఒకే వెడల్పున ఐదు చారలు, రెండోదీ నాలుగోదీ తెల్లగా మెరుస్తున్నాయి. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. ఇటలీ జెండా రంగులు. ఇటలీ స్టార్ ప్రకటించిందే 1945 మేలో, కాబట్టి ఈ ఫొటో అంతకుముందుది కాదు.

నాన్నమ్మగారి మాట కాదన్నందుకు ఏమనుకోకు. బోసుగారి సైన్యం మలయా, బర్మా వైపు. పెద్దతాత పడమటికెళ్లాడు. జర్మనీలోనూ ఖైదీలతో బోసు కట్టిన దళం ఒకటుంది, నిజమే. కానీ అందులో చేరినవాడు ఇటలీ స్టార్ తగిలించుకుని దర్జాగా ఫొటో దిగడు. ఇటలీలో మన 4, 8, 10 డివిజన్లు పోరాడాయి. 1944 ఫిబ్రవరి 24న అక్కడే, మిన్యానో దగ్గర, మా సుబేదార్ సుబ్రమణ్యన్ పేలబోతున్న మందుపాతర మీద పడిపోయి పక్కవాళ్లని కాపాడాడు. చనిపోయాక జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చారు. శిక్షణ సెంటర్లో మాకు మొదటి వారంలోనే ఆ కథ చెప్పారు.

ఇంట్లో గుండ్రటి మెడల్ ఏమన్నా ఉందా? మన సిపాయిల మెడళ్లకి అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఇచ్చేవారు. ఉంటే మాత్రం చింతపండు పెట్టి తోమకు తల్లీ.

గోదారమ్మాయి:
ఆలస్యమైందండీ. మెడల్ ఉంది, మేనత్త దగ్గర, కుంకుమభరిణెలో. ఏటా దసరాకి ఇత్తడి సామాన్లతోపాటు దాన్నీ చింతపండుతోనే తోమిందట! రాజుగారి ముక్కు కూడా అరిగిపోయింది. అంచు మీద పల్చటి కాగితం చుట్టి పెన్సిల్‌తో రుద్దితే ఒకటి, ఏడు అనే అంకెలు, కాస్త ఖాళీ, తర్వాత ఎన్, కే అని వచ్చాయి. మా ఇంట్లో ఆ అక్షరాలతో పేరున్నవాళ్లెవరూ లేరు. ఎవరి మెడలో మనింటికి వచ్చిందా అని బెంగగా ఉంది. బోసు సంగతి అత్తకి ఇంకా చెప్పలేదు.

రిటైర్డ్ తంబి:
ఎన్‌కే పేరు కాదు తల్లీ. నాయక్‌కి పొట్టిరాత. ఫొటోలో రెండు పట్టీలు, మెడల్ మీద నాయక్, హోదా సరిపోయింది. పేరు ఆ తర్వాత ఉంటుంది, దళం చివర్న. లైట్లన్నీ ఆర్పేసి పక్కనుంచి టార్చి వేసి ఇంకో ఫొటో తియ్యి. భరిణె అత్తయ్యగారి దగ్గరే ఉండనివ్వు, చింతపండు మాత్రం దాచెయ్యి.