జాన్ వేన్ ఓడకి మళ్ళీ బూడిద రంగు వెయ్యాలా?

లంగరు:
పాత కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్‌కి ‘వైల్డ్ గూస్’ అని ఓ యాట్ (షికారు ఓడ) ఉండేది. ఇప్పటికీ ఉంది, కాలిఫోర్నియాలో న్యూపోర్ట్ బీచ్ దగ్గర. పార్టీలకి అద్దెకిస్తారు. నిజానికి అది యాట్‌గా పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీ కోసం సియాటెల్‌లో కట్టిన మైన్‌స్వీపర్, వైఎంఎస్-328. పొడవు 136 అడుగులు, ఒళ్ళంతా చెక్క. ఇనుప ఓడ దగ్గరికొస్తే దాని అయస్కాంత ప్రభావాన్ని పసిగట్టి పేలే మైన్లు, అంటే సముద్రంలో దాచిపెట్టే బాంబులు ఉండేవి, అందుకే వాటిని ఏరే ఓడల్ని చెక్కతో కట్టేవాళ్ళు. 1962లో వేన్ కొన్నాడు. మనిషి పొడుగు కదా, లోపల పైకప్పులు కూడా ఎత్తించుకున్నాడు. 2011లో అది అక్కడి చారిత్రక స్థలాల జాతీయ జాబితాకెక్కింది.

ఇలాంటిదాన్ని కాపాడాలంటే ఏ రూపంలో కాపాడాలి? నన్నడిగితే బార్ కౌంటరు పీకేసి, బూడిద రంగు వేసి, తుపాకులు బిగించి నేవీ ఓడగా నిలబెట్టాలి. మన వైజాగ్ బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ లాగా.

పాతకాగితాలు:
ఒప్పుకోను లంగరు గారూ. ఆ తరగతి ఓడలు నాలుగు వందలకి పైగా కట్టారు. ఇదొక్కటే జనం నోట్లో ఎందుకు మిగిలింది? వేన్ వల్ల. ఆయన ఆనవాళ్ళు చెరిపేస్తే మిగిలేది పేరు లేని ఇంకో మైన్‌స్వీపర్. సముద్ర పరిశోధకుడు కూస్తో ఓడ ‘కాలిప్సో’ సంగతి చూడండి. అదీ సియాటెల్‌లో బ్రిటన్ నేవీ కోసం కట్టిన మైన్‌స్వీపరే. యుద్ధం అయ్యాక మాల్టాలో జనాన్ని దాటించే ఫెర్రీ అయింది, 1950లో కూస్తో చేతికొచ్చింది. దాన్ని మళ్ళీ మైన్‌స్వీపర్ చెయ్యమని ఎవరైనా అడుగుతారా?

బీచ్‌రోడ్డు_బాతాఖానీ:
2020 అక్టోబరులో మన వైజాగ్ తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు దాన్ని రెస్టారెంటు చేద్దామని ఎంత హడావుడో గుర్తుందా? మనకి ఓడ కనబడితే చాలు, ముందు బిర్యానీ గుర్తొస్తుంది.

భీమిలి_కుర్రోడు:
ఇంతకీ ఆ పడవ ఎన్ని కోట్లు ఉంటుంది?

లంగరు:
పడవ కాదు బాబూ, ఓడ. నేవీలో దానికి నంబరు ఇచ్చారు, సిబ్బందిని ఇచ్చారు, జెండా ఎగరేశారు. పడవ అంటే కొండకర్ల ఆవలో ఎక్కేది.

భీమిలి_కుర్రోడు:
136 అడుగులంటే మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ అంత లేదు. పడవే.

లంగరు:
పాతకాగితాలు గారూ, మీ కాలిప్సోకి నా జవాబు ‘ట్రింకోమలీ’. 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం వాళ్ళు బ్రిటన్ నేవీ కోసం టేకుతో కట్టిన యుద్ధనౌక. దశాబ్దాల పాటు వేరే పేరుతో శిక్షణ ఓడగా వాడారు. మరమ్మతు చేసినప్పుడు పాత రూపం, పాత పేరు రెండూ తిరిగిచ్చి ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నిలబెట్టారు. మధ్యలో వాడుకున్నవాళ్ళది కాదు, కట్టించినవాళ్ళది లెక్క.

కర్రపని:
నేను జెట్టీ దగ్గర బోట్లు కట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. మీ ఇద్దరి వాదనా రంగు గురించే ఉంది, కర్ర గురించి ఒక్క ముక్క లేదు. చెక్క బోటుని ఉప్పునీళ్ళ కంటే వాననీళ్ళు ఎక్కువ తింటాయి. డెక్ మీద పలకల సందుల్లోంచి దిగి, గాలి ఆడని మూలల్లో నిలబడి, లోపల్నుంచి పుచ్చుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. మా నాన్న చిన్న సుత్తి పట్టుకుని పలక పలకా తడుతూ పోయేవాడు. గట్టి కర్ర టక్కుమంటుంది. పుచ్చిన చోట దిండు మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టేవాడు. ఒక్కోసారి బోటు నిండా గీతలే.

కురుసుర లాగా అన్నారు. కురుసుర ఇనుము. 2001లో నేవీ నుంచి దిగింది, 2002లో ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. గాలికి తుప్పు పడుతుంది, గీకి రంగేస్తారు, అంతే. చెక్క ఓడని అలా ఎండలో పెడితే పలకలు ఎండి సందులు తెరుచుకుంటాయి. రెండు వేసవులు చాలు.

పాతకాగితాలు:
అంటే పలకలు మారుస్తూ పోవాలన్నమాట. అప్పుడు అసలు ఓడ ఏది? జాబితాలో ఉన్నది పాత చెక్కా, ఆ ఆకారమా? ఇది తేలకుండా రూపం గురించి మాట్లాడలేం.

కర్రపని:
తేలేదాకా చెక్క ఆగదు గురూగారూ. మీ కాలిప్సోనే చూడండి. 1996లో సింగపూర్‌లో బార్జి గుద్దితే మునిగింది. పైకి తీశారు. తర్వాత ఎవరిది, ఎవరు బాగుచెయ్యాలి అని ఏళ్ళకేళ్ళు గొడవ. ఈలోగా అది యార్డులో కూర్చుని పుచ్చింది. వైల్డ్ గూస్ ఎందుకు బతికింది? పార్టీలకి తిరుగుతోంది గనక.

లంగరు:
అంటే తాగి గంతులేసేవాళ్ళ పుణ్యమా అని బతికిందా! చరిత్ర అంటే ఇంత చులకనా మీకు? మన నేవీకీ 1950ల్లో బ్రిటన్ నుంచి చెక్క మైన్‌స్వీపర్లు వచ్చాయి. ఒకటి కాకినాడ పేరుతో, ఒకటి మన భీమిలి పాత పేరు బిమ్లీపటం పేరుతో. భీమిలి కుర్రాడికి తెలుసా ఆ సంగతి? ఒక్కటీ లేదిప్పుడు. మా నాన్న పనిచేసింది అలాంటిదాంట్లోనే, ఏదో చెప్పను. దాన్ని విడగొట్టిన సంగతి మాకు రెండేళ్ళ తర్వాత ఎవరో పెళ్ళిలో చెబితే తెలిసింది. మా నాన్న అన్నం కలుపుతున్నవాడు చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

భీమిలి_కుర్రోడు:
నిజంగా తెలీదండి.

కర్రపని:
మీ బాధ అర్థమైంది. నాదీ వినండి. 2023 నవంబరులో వైజాగ్ ఫిషింగ్ హార్బరులో నలభై దాకా బోట్లు తగలబడ్డాయి. మా బావది ఒకటి, మా నాన్న కట్టిందే. వారసత్వం అన్నమాట ఆ రోజు ఒక్కరి నోట రాలేదు. నష్టపరిహారం ఎంత అనే మాట్లాడారు. నేవీ చెక్క అయితే చరిత్ర, కళాసీల చెక్క అయితే వంటచెరకు. అందరూ ఫైబర్‌కి వెళ్ళిపోయారు. మా నాన్న ఉలులు అటక మీద గోనెసంచిలో ఉన్నాయి. మీరు తుపాకులు బిగించి బీచ్‌లో నిలబెడితే ఆ ఉలులకి ఒక్కసారే పని. ఓడ తిరుగుతూ ఉంటే ఏటా పని.

లంగరు:
దానికి కాదనను. నా గొడవ బూడిద రంగు కూడా కాదేమో. మా నాన్న రాత్రంతా నిలబడి సముద్రంలోకి చూసిన డెక్ లాంటి డెక్ మీద ఎవరో పుట్టినరోజు కేకు కోస్తుంటే నేను చూడలేను. అంతే.

కర్రపని:
నేను చూడగలను. కేకు కోస్తే అద్దె, అద్దె వస్తే కొత్త పలక.

పాతకాగితాలు:
పలక మార్చితే అది అసలు ఓడేనా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.

బీచ్‌రోడ్డు_బాతాఖానీ:
ఈయన్ని ఎవరైనా టీకి తీసుకెళ్ళండి.

లంగరు:
కర్రపని గారూ, ఒక్క మాట. మా నాన్న గుర్తుగా ఆయన కట్టించిన చిన్న తెరచాప బోటు ఉంది, పెరట్లో బోర్లించి. వానాకాలం టార్పాలిన్ చుట్టేస్తున్నాం. సరిపోతుందా?

కర్రపని:
చుట్టకండి. లోపల చెమ్మ పట్టి ఇంకా తొందరగా పుచ్చుతుంది. కింద ఇటుకలు పెట్టి నేలకి ఎత్తుగా ఉంచండి. టార్పాలిన్ పందిరిలా పైన కట్టి, రెండు పక్కలా గాలి ఆడనివ్వండి. ఆదివారం సుత్తి పట్టుకుని వస్తాను.