దూరాన్ని వేగంతో భాగిస్తే విమాన ప్రయాణ సమయం తెలుస్తుందా?

దిక్సూచి:
తెలుస్తుందనే నా వాదన. పెద్ద జెట్ విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. లండన్ నుంచి న్యూయార్క్‌కు దాదాపు 5,540 కిలోమీటర్లు. భాగిస్తే ఆరు గంటల పైచిలుకు వస్తుంది. పైకి లేవడానికి, దిగడానికి ఇంకో అరగంట వేసుకోండి. ఇంత తేలికైన లెక్కను ఎందుకు కాదంటున్నారు?

గాలివాటం:
మీరు చెప్పిన ఊళ్ళనే చూద్దామండీ. లండన్ నుంచి న్యూయార్క్‌కు టైమ్‌టేబుల్లో సుమారు ఎనిమిది గంటలు ఉంటుంది, తిరిగి రావడానికి ఏడు గంటలే. దూరం మారలేదు కదా! పైన పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం బలంగా వీస్తుంది. అది ఒకవైపు తోస్తుంది, ఇంకోవైపు అడ్డుపడుతుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల అండతో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మీ లెక్క ఆ రోజూ తప్పేది, మామూలు రోజూ తప్పుతుంది.

నీలిమేఘం:
ఆ తేడా భూమి తిరగడం వల్ల కాదా?

గాలివాటం:
కాదండీ. భూమి తూర్పుకు తిరుగుతుంది. విమానం కింద నేల జరిగిపోయేదే అయితే పడమరకు వెళ్ళేవాళ్ళే ముందు చేరాలి. జరుగుతున్నది దానికి పూర్తిగా తలకిందులు. నేలతో పాటు వాతావరణమూ తిరుగుతోంది, విమానం ఎగిరేది అందులోనే.

దిక్సూచి:
సరే, రానూపోనూ కలిపి సగటు తీస్తే గాలి ప్రభావం కొట్టుకుపోతుంది కదా. అప్పుడు నా లెక్కే నిలుస్తుంది.

గాలివాటం:
పూర్తిగా కొట్టుకుపోదు. 8,000 కిలోమీటర్ల దారి, మీరు చెప్పిన 900 వేగం, గంటకు 100 కిలోమీటర్ల గాలి అనుకోండి. అనుకూలంగా ఉంటే 8 గంటలు, ఎదురైతే 10 గంటలు. మొత్తం 18. గాలే లేకపోతే 18 కన్నా కాస్త తక్కువే. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి నష్టమే మిగులుతుంది.

అసలు చిక్కు దారిది. హెల్సింకి నుంచి టోక్యోకు రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటలు పట్టేది. 2022లో ఆ గగనతలం మూసేశాక సుమారు పదమూడు గంటలైంది. ఆ నగరాలు ఒక్క అడుగు కూడా కదల్లేదు! ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా 2016లో అట్లాంటిక్ దారి వదిలి పసిఫిక్ మీదుగా వెళ్ళింది. దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది, గాలి కలిసొచ్చి సమయం మాత్రం తగ్గింది. దీన్ని మీ భాగహారం ఎలా పట్టుకుంటుంది?

దిక్సూచి:
అయినా దూరాన్ని పక్కన పెట్టేయలేం. ఏ విమానం మధ్యలో ఆగకుండా వెళ్ళగలదో ముందు అంచనా వేసేది దానితోనే.

గాలివాటం:
అందుకు వాడండి, అభ్యంతరం లేదు. ప్రయాణికుడికి సమయం చెప్పేటప్పుడు మాత్రం టైమ్‌టేబుల్ చూసి, వెళ్ళేటప్పుడు ఎంతో వచ్చేటప్పుడు ఎంతో విడివిడిగా చెప్పండి. ఒకే అంకె చూసుకుని కనెక్టింగ్ ఫ్లైట్ బుక్ చేసినవాళ్ళకే కదా ఆ టెన్షన్ అంతా.