19 వేలకు అమ్మని మిర్చి: ఎక్కడ ఆగాలి?

పల్నాడు అమ్మాయి:
నమస్కారం అండీ. నాన్న మూడెకరాల్లో తేజ రకం మిర్చి వేస్తారు, అందులో రెండెకరాలు కౌలు. 2024 వేసవిలో గుంటూరు యార్డులో మా కాయను క్వింటా 19 వేలకు అడిగారు. అంతకుముందు ఏడాది 20 వేలు దాటిన ధర చూసిన కళ్లకు అది తక్కువనిపించింది. "22 రానీ, ఇచ్చేద్దాం" అని 60 టిక్కీలు (బస్తాలు), అంటే 24 క్వింటాళ్లు, ఏసీలో, అదే కోల్డ్ స్టోరేజీలో, పెట్టారు. 2025 ఫిబ్రవరికి కొత్త కాయ దిగింది, ధర కూలిపోయింది. కేంద్రం కలగజేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది ఆ నెలలోనే. మేం చివరికి 11,500కు అమ్ముకున్నాం. ఏసీ అద్దె, అప్పు మీద వడ్డీ పక్కన పెట్టినా లక్షా ఎనభై వేలు పోయాయి.

నాన్న దురాశ ఉన్న మనిషి కాదు. పండక్కి చొక్కా కొంటానంటే ఉన్నవి చాలంటారు. ఒకప్పుడు 12 వేలు వస్తే గట్టెక్కుతాం అనేవారు. 12 రాగానే 15 కావాలనిపించింది, 15 వస్తే 20. ఇప్పుడు కొత్త కాయ కోతకొస్తోంది, మళ్లీ అదే టెన్షన్. మీ ఇళ్లలో ఎక్కడ ఆగుతారు?

ఖమ్మం రైతు:
చెల్లెమ్మా, నేనూ రెండుసార్లు దెబ్బతిన్నా. ఇప్పుడు విత్తనం పెట్టినప్పటి నుంచి కోత కూలి దాకా ఖర్చంతా నోట్‌బుక్‌లో రాస్తా. కౌలు, వడ్డీ కూడా. ఆ ఖర్చు ఎన్ని టిక్కీలతో తీరుతుందో అన్నీ కల్లం మీద నుంచే మార్కెట్‌కు పంపుతా, ధర ఎంతున్నా సరే. మిగిలినవే ఏసీకి. వాటి ధర పడినా ఆ రోజు అన్నం సహిస్తుంది. పక్కవాడు ఎంతకు అమ్మాడని మాత్రం అడగను. నాకు ఎక్కువ నష్టం చేసింది ఆ ప్రశ్నే.

నరసరావుపేట నుంచి:
దీన్ని ఆశ అనడం నాకు బాధగా ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి తోటలకు తోటలే దున్నేశాం. ఆ అప్పు మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. మంచి ధర వచ్చిన ఏడాది ఆ పోయిన ఏడాదిని కూడా మోయాలి. మీ నాన్నగారు 22 అన్నది బంగారం కొనడానికి కాకపోవచ్చు తల్లీ. ఒకసారి అడిగి చూడండి.

పల్నాడు అమ్మాయి:
అడిగాను. 22 ఎందుకన్నావు నాన్నా అంటే, ఆ ధరకు అమ్మితే పురుగు ఏడాది అప్పు మొత్తం తీరుతుందని లెక్క వేసుకున్నారట. అమ్మకు కూడా చెప్పలేదు. నేను ఇన్నాళ్లూ వేరేలా అనుకున్నందుకు చాలా బాధపడ్డాను.

ఖమ్మం అన్నా, నోట్‌బుక్ మొదలుపెట్టాం. పాత అప్పును ఈ ఏడాది ఖర్చులో కలపాలా, విడిగా రాయాలా? కలిపితే ఏసీకి ఒక్క టిక్కీ కూడా మిగలడం లేదు.